బాతులింటి గ్రానైట్ నేల

సమ్మె మొదలై వారం తిరక్కుండానే నాకు పిచ్చెక్కినంత పనైంది. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా స్టీరింగు ముందు కదలకుండా కూర్చునే మనిషిని, ఇంట్లో కుర్చీలో పావుగంట కుదురుగా కూర్చోలేకపోయాను. వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్ళీ వసారాలోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండేవాణ్ణి. బయట ఎడతెగని వాన. డిపో గేటు దగ్గర టెంటు కింద కూర్చుందామంటే ఆ టెంటు కూడా కారుతోంది. యూనియన్ నాయకుడు మాత్రం రోజూ ఒకటే పాట పాడేవాడు, "ఇవాళో రేపో తేలిపోతుంది" అని.

"నువ్వలా తిరక్కు బాబూ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది మా ఆవిడ. తను మందుల షాపులో పనిచేస్తుంది. సమ్మెలూ గిమ్మెలూ తనకు లేవు. గొడుగు తీసుకుని గుమ్మం దిగుతూ, "ఊరికే తిరిగే బదులు బాతుల దగ్గర అమ్మకి సాయం చెయ్యి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. నాన్న దగ్గర నోరు పారేసుకోకు," అని హెచ్చరించి మరీ వెళ్ళింది.

మేముండేది మా అత్తగారింట్లో, మేడ మీద గదిలో. నోరు పారేసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ప్రయాణికులతో, కండక్టరుతో, ఎదురొచ్చే లారీవాళ్ళతో, ఎవరితోనైనా సరే ముందు మాట వస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. మామయ్య దగ్గర మాత్రం ఇన్నేళ్ళూ ఎలాగో పళ్ళ బిగువున నెట్టుకొచ్చాను.

మామయ్యది రాతిపని. నేలలు వేస్తాడు. బ్యాంకుల్లో, సినిమాహాళ్ళలో, ఆఫీసుల్లో ఆయన వేసిన నేలలు చాలా ఉన్నాయి. బజారుకు తీసుకెళ్తే మనుషుల మొహాలు చూడడు, కింద చూస్తాడు. "ఈ పలకలు ఎవడు పరిచాడో గానీ వాడిచేత దీని మీద సైకిలు తొక్కించాలి," అంటాడు. అలాంటి మనిషిని ఏడాది కిందట ఆయన శిష్యుడే పనిలోంచి మెల్లగా తప్పించాడు. చిన్నప్పుడు నేల వాలు చూసే రసమట్టాన్ని చంకలో పెట్టుకుని ఆయన వెంట తిరిగేవాడట. అందుకని మామయ్య వాడికి రసమట్టం అనే పేరు పెట్టాడు. ఇప్పుడతను పెద్ద కాంట్రాక్టరు. "కాస్త రెస్టు తీసుకోండి గురువుగారూ," అన్నాడు. ఆ 'కాస్త' ఎప్పటికీ పూర్తి కాలేదు. మామయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వేసవి చివర్లో అత్తయ్యకు ఉన్నట్టుండి బాతులు పెంచాలని బుద్ధి పుట్టింది. పెరటి గోడకు ఆనించి చిన్న గది కట్టించింది. ఆ గదికి మామయ్య నేల వేశాడు. అది కూడా మామూలు గచ్చు కాదు. పాత పనుల్లో మిగిలిన నల్ల గ్రానైటు ముక్కలన్నీ బయటికి తీశాడు. మేమిద్దరం డ్యూటీలకు పోయాక టార్పాలిన్ కట్టుకుని భార్యాభర్తలిద్దరూ లోపల ఏం తంటాలు పడ్డారో తెలియదు. టార్పాలిన్ విప్పిన రోజు నేను నోరెళ్ళబెట్టాను. కిందికి చూస్తే నా మొహం నాకు కనిపించింది.

"బాతులకి గ్రానైటా మామయ్యా! మా గదిలో సిమెంటు పెచ్చులు లేచిపోతున్నాయి, మేము ఇక్కడికి మారిపోతాం," అన్నాను.

"బకెట్టు నీళ్ళు కొడితే రెట్ట మొత్తం కొట్టుకుపోవాలి. అదీ పనంటే," అన్నాడు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ సాయంత్రమే రసమట్టానికి కబురు పెట్టించాడు, వచ్చి నా నేల చూసుకో, నా చేతుల్లో పని అయిపోయిందో లేదో చూసి మాట్లాడు అని. కొత్తగా కడుతున్న పెద్దాసుపత్రిలో వరండాల నేలలన్నీ అప్పుడు రసమట్టం చేతిలోనే ఉన్నాయి. వాన కాస్త తెరిపిస్తే వస్తానని జవాబు వచ్చింది. అప్పట్నుంచి మామయ్య రోజుకు నాలుగుసార్లు ఆకాశం వైపు చూసేవాడు.

బాతుపిల్లలు ఓ డజను దాకా వచ్చాయి. పసుపు ఉండల్లా గంపలోంచి దొర్లాయి. వాటి సందడి చూస్తే నాకే ముచ్చటేసింది. ఎటు పోయినా అన్నీ కలిసి ఒకే గుంపుగా పోవడం, ఒకటి అరిస్తే అన్నీ అరవడం, అచ్చం మా యూనియన్ మీటింగు లాగే ఉండేది.

ఆ సంబరం ఎన్నో రోజులు నిలవలేదు. ఒక పొద్దున అత్తయ్య పెరట్లోంచి కేకేసింది.

"అల్లుడుగారూ, ఒకసారి ఇలా రండి. ఇది లేవట్లేదు."

వెళ్ళి చూశాను. ఒక పిల్ల కాళ్ళ వెనక కీళ్ళ మీద చతికిలబడి కూర్చుంది. దాణా గిన్నె వంక చూస్తోంది, అరుస్తోంది, రెక్కలతో నేలను తోసుకుంటోంది గానీ పైకి లేవలేకపోతోంది. ఇంకో రెండు లేచి నిలబడ్డాయి గానీ, నడక తాగినవాడి నడకలా ఉంది. చేతిలోకి తీసుకుని కాలు పట్టుకుంటే కీలు దగ్గర ఉబ్బు తగిలింది.

"దాణాలో ఏదో తేడా ఉంది," అన్నాడు మామయ్య గుమ్మంలో నిలబడి.

"అవును, దాణాయే," అంది అత్తయ్య వెంటనే.

నాకు ఆశ్చర్యమేసింది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి గోడ గడియారం టైము దాకా ఆ ఇద్దరికీ ఒక్క విషయంలో కుదిరి చావదు. ఇవాళేమిటి ఇంత పొత్తు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

మా ఆవిడ షాపులోంచి పశువుల డాక్టరమ్మ నంబరు సంపాదించింది. ఆ డాక్టరమ్మ ఫోనులో మాట్లాడితే మిషను కుట్టినట్టు ఉంటుంది, మధ్యలో మనం వేలు పెట్టలేం.

"కోడిపిల్లల దాణా పెడుతున్నారా? అనుకున్నా. అందరూ చేసే పనే. బాతుపిల్లకి అది చాలదండి. నియాసిన్ అని ఒక బి విటమిన్ ఉంటుంది. కోడిపిల్ల కంటే బాతుపిల్లకి అది చాలా ఎక్కువ కావాలి. అందకపోతే కీళ్ళు వాస్తాయి, కాళ్ళు వంకరపోతాయి. దాణాలో ఈస్టు పొడి కలపండి, పచ్చి బఠానీలు చిదిపి పెట్టండి. మరీ పడిపోయినవాటికి నియాసిన్ బిళ్ళ నీళ్ళలో కరిగించి పట్టండి. ముక్కు మునిగేంత లోతుగా నీళ్ళుండాలి, గుర్తుపెట్టుకోండి. ఉంటాను."

ఈస్టు అనే మాట చెవిన పడిందో లేదో, అత్తయ్య చెప్పులు వేసుకుని వీధి చివర బేకరీకి పరుగెత్తింది. పొట్లం తెచ్చింది. దాణా తడిపి, గోరువెచ్చని నీళ్ళు పోసి, పొట్లం మొత్తం కుమ్మరించి, కాస్త నానాలని మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచింది. మేము టీ తాగి వచ్చేసరికి గిన్నె మూత పైకి లేచింది. లోపలి ముద్ద నురగలు కక్కుతూ పొంగి, పొయ్యిగట్టు దాటి, కిందికి దిగి, గుమ్మం వైపు బయల్దేరింది.

"అత్తయ్యా, మన పిల్లలకంటే ఇదే బాగా నడుస్తోంది," అన్నాను.

పాపం, ముందు నవ్వింది. తర్వాత మొహం తిప్పుకుంది. "మీ నోరు పాడుగాను," అని గుడ్డ తెచ్చుకుని నేల తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. అన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

డాక్టరమ్మకు మళ్ళీ ఫోను చేస్తే ఒంటికాలి మీద లేచింది. "బతికున్న ఈస్టు ఎవరు పెట్టమన్నారండీ! కడుపులో పొంగితే ఏం కావాలి? ఎండబెట్టి చంపేసిన పొడి వేరే ఉంటుంది, మందుల షాపులో అడగండి." ఇంట్లో మందుల షాపు మనిషిని పెట్టుకుని మేము బేకరీ మీద పడ్డాం. మా ఆవిడ ఆ సాయంత్రం సరైన పొడి, బిళ్ళలు, ఇంకా మెత్తటి టేపు చుట్ట ఒకటి తెచ్చింది. కాళ్ళు మరీ ఎడంగా పోయినవాటికి రెండు కాళ్ళూ కలిపి, నిలబడే ఎడంలో వదులుగా టేపు వేయమని డాక్టరమ్మ చెప్పిందట.

మందు పని చేసింది. కాదనను. నీళ్ళలో బిళ్ళ కలిపిన కొద్దిరోజులకే పిల్లలకు ఆకలి పెరిగింది, కళ్ళల్లో కళ వచ్చింది, కీళ్ళ ఉబ్బు దిగింది. బఠానీల కోసం ఒకదాని మీద ఒకటి పడేవి. కానీ లేచి నిలబడి అడుగు వేయబోతే రెండు కాళ్ళూ చెరో దిక్కుకు పోయేవి. పొట్ట నేలకు కొట్టుకునేది. మళ్ళీ లేవడం, మళ్ళీ పడటం. చూస్తుంటే నా కాళ్ళే లాగేవి. అవి పడుతున్నకొద్దీ అత్తయ్య పొడి ఇంకో చెంచా పెంచేది.

వంటింట్లో అట్టపెట్టెలో పెట్టిన పిల్ల నా కళ్ళు తెరిపించింది. అన్నిటికంటే ముందు పడిపోయిన పిల్లే అది. బతకదనుకుని, చలి తగలకుండా పెట్టెలో గోనెపట్టా పరిచి దాన్ని విడిగా ఉంచాం. మందు, దాణా అన్నిటికీ ఒకటే. ఒక పొద్దున టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్తే, అది పెట్టెలో ఈ చివర్నుంచి ఆ చివరికి టకటకా నడుస్తోంది. పెట్టె గోడ తగలగానే వెనక్కి తిరిగి మళ్ళీ నడుస్తోంది, అచ్చం నాలాగే. ఆనందంతో దాన్ని ఎత్తుకుపోయి గదిలో మిగతావాటి మధ్య దింపాను. దింపీ దింపగానే దాని కాళ్ళు రెండూ పక్కలకు జారిపోయాయి.

నేల వంక చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది. తడిగా ఉంది. కింద నా మొహం నన్ను చూస్తోంది.

ఆ రోజే గోనెసంచులు తెచ్చి గది నిండా పరిచాను. బాతులు నీళ్ళు చిమ్మని చోటు ఉండదు కదా, మధ్యాహ్నానికల్లా సంచులు నానిపోయి, పిల్లలతో సహా అటూ ఇటూ జారడం మొదలుపెట్టాయి. సాయంత్రం చూస్తే అసలు సంచులే లేవు. మామయ్య తీసి వసారా గోడ మీద ఆరేసి, నేల శుభ్రంగా కడిగిపెట్టాడు.

"సంచులెందుకు తీశారు మామయ్యా?"

"కుళ్ళి కంపు కొడుతున్నాయి. అయినా కప్పెయ్యడానికా నేను నేల వేసింది? వాడొచ్చే టైముకి గోనెసంచులు చూపించమంటావా?"

నేను నోరు తెరిచాను. మా ఆవిడ మొహం గుర్తొచ్చి మూసుకున్నాను.

తనతో చెప్పుకున్నాను. "నేల జారుతోంది. అంతే. మందులు ఎన్ని పోసినా నిలబడటానికి పట్టు లేకపోతే ఏ కాలు నిలబడుతుంది? నాలుగు గాట్లు కొడితే సరిపోతుంది."

"నాకు తెలీదనుకున్నావా?" అంది మా ఆవిడ. "మొన్నే చూశాను. కానీ నాన్న ఏడాది తర్వాత గెడ్డం గీసుకుంటున్నాడు. రసమట్టం చూసి వెళ్ళేదాకా ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

అత్తయ్య అయితే ఇంకో అడుగు ముందుకేసింది. నేను అడక్కుండానే పెరట్లో నన్ను పక్కకు పిలిచింది. "అల్లుడుగారూ, మీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఆయనతో మాత్రం అనకండి. దాణాలో ఏదో లోటుందనే అందాం. వాడొచ్చి చూసి, ఆయన్ని పనికి రమ్మన్నాక మీ ఇష్టం. కావాలంటే పగలగొట్టి పారేయండి."

"ఈలోపు పిల్లలు పోతే?"

ఆమె ఒడిలో ఒక పిల్లను పెట్టుకుని టేపు సరిచేస్తోంది. బొటనవేలితో దాని కీలును నెమ్మదిగా రాస్తోంది. ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణమైపోయిందని ఎవరికైనా తెలిసిపోతుంది.

వాన తెరిపివ్వలేదు. రసమట్టం రాలేదు. సమ్మె తేలలేదు. నేను పెరట్లో తిరుగుతూనే ఉన్నాను. ఒక పిల్ల చచ్చిపోయింది. పడి లేవలేక, తొట్టి దాకా దేక్కుంటూ పోలేక, గది మధ్యలో పొట్ట మీద అలాగే ఉండిపోయింది. అత్తయ్య దాన్ని గుడ్డలో చుట్టి మట్టిలో పెట్టింది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. డాక్టరమ్మకు ఫోను చేస్తే ఈసారి నెమ్మదిగానే మాట్లాడింది. "విటమిన్ అందుతోంది కదా, మరి ఎక్కడో జారుతున్నాయి. చూసుకోండి. ఇప్పుడు ఎముక లేతగా ఉంది కాబట్టి టేపు వేస్తే సర్దుకుంటుంది. ఈ వారం గడిచి, ఆ వంకరలోనే గట్టిపడిందనుకోండి, ఇంక ఏ మందూ నడిపించదు."

అదే రోజు రసమట్టం దగ్గర్నుంచి కబురొచ్చింది, ఆదివారం పొద్దున వస్తున్నానని.

శనివారం అన్నాల దగ్గర కూర్చున్నాం. మామయ్య హుషారుగా ఉన్నాడు. పెరటి గదిలోంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి, పడినప్పుడల్లా అవి చేసే ఆ సన్నటి అరుపులు. మామయ్య అత్తయ్య వైపు తిరిగి, "రేపు వాడొచ్చేసరికి ఆ పిల్లల్ని తీసి గంపలో పెట్టు. నేలంతా తుడిచిపెట్టు. వాడికి నేల కనపడాలి," అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్నేళ్ళ పళ్ళ బిగువు ఒక్క దెబ్బతో సడలిపోయింది.

"నేల కనపడాలి సరే మామయ్యా, దాని మీద కూలబడినవి కనపడక్కర్లేదా? నేను డ్రైవర్ని. అరిగి నున్నబడిన గుండు టైరు వేసి తడిరోడ్డు మీద నడపమంటే బండి డిపోలోనే వదిలేసి ఇంటికొస్తాను. ఆ పిల్లలు ఎక్కడికి పోతాయి? రాత్రీపగలూ ఆ గుండు టైరు మీదే వదిలేశాం వాటిని. దాణాలో లోటు ఉండేది, తీర్చాం. ఇప్పుడు లోటు నేలలో ఉంది. అది మీకూ తెలుసు, అత్తయ్యకీ తెలుసు, నాకు తప్ప అందరికీ నోళ్ళు పడిపోయాయి!"

మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మామయ్య మాత్రం కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కంచంలో కాసేపు వేలితో గీతలు గీసి, చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాడు.

కొంతసేపటికి మనసాగక నేనూ వెళ్ళాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆయన గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒక పిల్ల నీళ్ళ తొట్టి వైపు బయల్దేరింది. జారింది. లేచింది. మళ్ళీ జారింది. ఆయన కిందికి చూస్తూనే ఉన్నాడు. అలవాటుగా చూసే చూపే, కానీ ఈసారి రాళ్ళ వంక కాదు. చివరికి అరచెయ్యి చాచి దాని పొట్ట కింద పెట్టి తొట్టి దాకా మోసుకెళ్ళాడు.

"ఎన్నాళ్ళయింది ఇవి సరిగ్గా నడిచి?" అన్నాడు.

"వచ్చిన కొత్తలో నడిచాయి మామయ్యా. ఈ గదిలో వదలకముందు, గంపలో ఉన్నప్పుడు."

"ఊఁ," అన్నాడు. నేను క్షమాపణ అడక్కుండానే వెనక్కొచ్చేశాను.

తెల్లారి నన్ను లేపింది ఉలి చప్పుడు. పెరట్లోకి పరుగెత్తాను. పిల్లలన్నీ గంపల్లో వసారాలో ఉన్నాయి. మామయ్య నేల మధ్యలో గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో ఉలి, కుడిచేత్తో సుత్తి పట్టుకుని ఉన్నాడు. ఉలి రాతి మీద కుదురుగా నిలవడం లేదు. ఆయన పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. మామూలు వణుకు కాదు. సుత్తి ఎత్తాడు, దించాడు, అది ఉలి తలను తప్పించి బొటనవేలి మీద పడింది. వేలు నోట్లో పెట్టుకున్నాడు.

టీ గ్లాసు కూడా చేత్తో పట్టుకోకుండా బల్ల మీదే పెట్టుకుని, వంగి ఊదుకుంటూ తాగడం ఆయన అలవాటనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఎంత గుడ్డివాణ్ణి!

అత్తయ్య నా పక్కనుంచే లోపలికి వెళ్ళింది. "ఇటివ్వండి," అంది.

"నేను కొడతాలే."

"వేలు పోతుంది. ఇటివ్వండి అంటుంటే."

ఆయన చేతుల్లోంచి రెండూ తీసుకుంది. కూర్చుంది. ఉలిని కాస్త వాల్చి పట్టుకుని కొట్టింది. రాతి మీద చిన్న తెల్లటి గాటు పడింది. పక్కనే ఇంకోటి. ఇంకోటి. ఒకే లోతు, ఒకే ఎడం. చెయ్యి తిరిగినవాళ్ళ దెబ్బలు అవి. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను.

"అత్తయ్యా, మీకిది ఎలా వచ్చు?"

తల ఎత్తకుండానే అంది, "వేసినదాన్ని, గాట్లు కొట్టలేనా?"

ఆ మాట నా బుర్రకెక్కడానికి కాస్త టైము పట్టింది. మామయ్య గోడకు ఆనుకుని వాన వంక చూస్తున్నాడు. అత్తయ్య కొడుతూనే, ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ వేస్తూ చెప్పింది.

"ఏడాదిగా గోడవైపు తిరిగి పడుకుంటే ఎలా చూడమంటారు? ఏదో ఒక నేల వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలి? ఇంట్లో అన్ని గదులకీ ఉన్నాయి. అందుకే బాతులన్నాను. గది కట్టించాను. ఈయన కూర్చుని చెప్పారు, నేను పెట్టాను. పెళ్ళైన కొత్తలో ఈయన పక్కన రాళ్ళు అందిస్తూ నేర్చుకున్న పనేగా. పనిలోకి రానిస్తే చాలు, రాయి ఎత్తక్కర్లేదు, పక్కన నిలబడి కుర్రాళ్ళకి చెబితే చాలనుకున్నాం. నాకు బాతుల మీద మోజేముంది? అప్పుడు లేదు."

అప్పుడు లేదు అన్నప్పుడు కూడా ఆమె చెయ్యి ఆగలేదు.

ఆ పిల్లల సంగతి ముందే చెప్పేస్తాను, దాచి పెట్టుకుని ఊరించేంత ఓపిక నాకు లేదు. అవి నడిచాయి. గాట్లు కొట్టిన నేల మీద, కాళ్ళకు టేపుతో, దాణాలో పొడితో, ఆ వారంలోనే ఒక్కొక్కటీ లేచాయి. ఒకదానికి మాత్రం పాదం లోపలికి తిరిగే ఉండిపోయింది, అయినా గుంపులో ముందు అదే ఉండేది. సమ్మె కూడా ఎప్పటికో తేలింది. నేను స్టీరింగు ముందుకు వెళ్ళి కూర్చున్నాను. కానీ ఆ ఆదివారం పొద్దున ఇవేవీ మాకు తెలియవు. సగం నేల తెల్లబడింది, సగం నల్లగా మెరుస్తోంది, అత్తయ్య చేతిలో ఉలి ఉంది. అప్పుడు వీధి గేటు చప్పుడైంది.

"గురువుగారూ!" అంటూ రసమట్టం గొడుగు ముడుస్తూ వచ్చాడు. గది గుమ్మంలోనే ఆగిపోయాడు. "అయ్యయ్యో, బంగారం లాంటి నేల, ఎవరండీ ఇలా పాడుచేసింది?" అని నా వైపు చూశాడు. డ్రైవరు కాబట్టి అలాంటి పని నేనే చేసుంటానని అతని నమ్మకం.

నేను నోరు తెరవబోయాను. అత్తయ్య నన్ను కళ్ళతోనే ఆపింది.

"గాట్లు నేనే కొడుతున్నాను నాయనా, బాతులు జారుతున్నాయని. రాళ్ళు పెట్టింది మాత్రం మీ గురువుగారే. అటు చూడు, ఆ సగం. ఆయన చెయ్యి నీకు తెలీనిదా?"

రసమట్టం చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. మెరుస్తున్న సగం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి నేల మీద పెట్టి నిదానంగా జరిపాడు. రాయికీ రాయికీ మధ్య అతుకు మీద గోరు పెట్టి లాగాడు. గోరు ఎక్కడా చిక్కుకోలేదు. తల ఊపుతూ నవ్వాడు.

"నాదే పొరపాటు గురువుగారూ. తొందరపడ్డాను. ఇలాంటి అతుకు మా కుర్రాళ్ళలో ఒక్కడు కలపలేడు. సోమవారం నుంచి వచ్చెయ్యండి. ఆసుపత్రి వరండాలు మీరే చూసుకోవాలి."

అత్తయ్య ఉలి కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఏడాదిగా ఆమె ఎదురుచూసిన మాట అది. అప్పుడే లేచొచ్చిన మా ఆవిడ నా వెనక నిలబడి నా చొక్కా పట్టుకుంది.

రసమట్టం చెయ్యి ఇంకా నేల మీద జరుగుతూనే ఉంది. మూలకు వచ్చేసరికి ఆగింది. అక్కడ ఒక రాయి అంచు మిగతావాటి కంటే కాస్త పైకి లేచి ఉంది. దాని పక్క సందు ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా పోయింది.

"ఇదేంటి ఇక్కడ..."

"అదా, అది ఆరకముందే నేను కాలు వేశాను," అంది అత్తయ్య గబగబా. "తడి మీద. చూసుకోకుండా."

మామయ్య గోడ దగ్గర్నుంచి కదిలాడు. వచ్చి శిష్యుడి ఎదురుగా నిలబడ్డాడు. దెబ్బ తగిలిన వేలి నుంచి ఇంకా రక్తం కారుతూనే ఉంది. ఆ రెండు చేతులూ ముందుకు చాచి అలా పట్టుకున్నాడు. అవి వణుకుతుంటే వణకనిచ్చాడు.

"నేలంతా ఆవిడ వేసిందిరా," అన్నాడు. "అదొక్కటే నేను పెట్టాను."

రసమట్టం ఆ రాయి మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. తల కూడా ఎత్తలేదు. ఇంత నోరున్న నాకు ఏడుపొచ్చింది.

మామయ్యే అత్తయ్య వైపు తిరిగాడు.

"ఆగిపోయావేం? కొట్టు. దానికి కూడా."

"ఉండనివ్వండి," అంది అత్తయ్య. "మూలకేగా ఉంది. ఎవరికీ అడ్డం లేదు."

"మూలలోనే కదే నీళ్ళ తొట్టి పెట్టేది. ఎక్కువ జారేది అక్కడే. కొట్టు."

రసమట్టం చెయ్యి తీసి పక్కకు జరిగాడు. అత్తయ్య ఉలి తీసుకుని ఆ రాయి మీద పెట్టి కొట్టింది.